జపాన్‌లో ఫిజిక్స్ మాస్టర్స్, పీహెచ్‌డీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రలో ఒక రాష్ట్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఆ తర్వాత జపాన్‌లో కండెన్స్‌డ్ మ్యాటర్ ప్రయోగాల మీద పీహెచ్‌డీ చేశాను. ఏటా ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ మొదలవగానే నాకు మెసేజ్‌లు వస్తాయి. మనుషులు మారతారు గానీ సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నిటినీ ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఫీజులు, స్కాలర్‌షిప్ మొత్తాలు మారుతుంటాయి. మీరు అప్లై చేసే ఏడాది ప్రకటనతో ఒకసారి సరిచూసుకోండి.

## ఇంకా ఆలోచనలో ఉన్నవారికి

టీఐఎఫ్‌ఆర్, ఐఐఎస్‌సీ లాంటివి మన దగ్గరే ఉండగా జపాన్ దాకా ఎందుకు?

అన్ని సబ్జెక్టులకూ వెళ్లనక్కర్లేదు. స్ట్రింగ్ థియరీ, గ్రావిటీ మీద ఆసక్తి ఉంటే ముంబై టీఐఎఫ్‌ఆర్, బెంగళూరు ఐసీటీఎస్ ఎక్కడికీ తీసిపోవు. రేడియో ఖగోళశాస్త్రమైతే పుణె దగ్గర 30 డిష్‌ల జీఎంఆర్‌టీ టెలిస్కోప్ మనదే.

జపాన్ బలమంతా ప్రయోగాల్లో ఉంది. గిఫు ప్రాంతంలో కొండ కింద వెయ్యి మీటర్ల లోతున, 50,000 టన్నుల నీటితో సూపర్ కామియోకాండే అనే న్యూట్రినో డిటెక్టర్ ఉంది. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని అక్కడ తేలినందుకే తకాకి కజితాకు 2015లో నోబెల్ వచ్చింది. అదే కామియోకాలో గురుత్వ తరంగాల కోసం మూడేసి కిలోమీటర్ల చేతులతో కాగ్రా అనే డిటెక్టర్ ఉంది. ఇక కొత్త పదార్థాలు తయారుచేసి కొలవడం వాళ్లకు తరాల విద్య. ఇనుము ఆధారిత సూపర్‌కండక్టర్లను 2008లో ప్రపంచానికి చూపించింది హిదెయో హొసోనో బృందమే. మీ మనసు ఇలాంటి వాటి మీద ఉంటే వెళ్లడంలో అర్థం ఉంది.

ఒక్క మాట. జపాన్‌లోని త్సుకుబాలో జరిగే బెల్ 2 అనే కణ భౌతికశాస్త్ర ప్రయోగంలో ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి. కందిలోని ఆ క్యాంపస్‌లో చదువుతూనే జపాన్ యాక్సిలరేటర్ డేటా మీద పనిచేసే దారి కూడా ఉందన్నమాట. టికెట్ కొనేముందు అలాంటివి కూడా చూసుకోండి.

సింగపూర్, కొరియాతో పోలిస్తే జపాన్ మంచిదా?

సింగపూర్‌లో భాష సమస్య లేదు. క్వాంటమ్ టెక్నాలజీ మీద 2007 నుంచే నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్ (ఎన్‌యూఎస్)లో ప్రత్యేక కేంద్రం నడుస్తోంది. విదేశీ పీహెచ్‌డీ విద్యార్థులకు సింగా అనే స్కాలర్‌షిప్ నాలుగేళ్లు ఇస్తారు. కొరియాలో కైస్ట్ అనే పెద్ద సైన్స్ యూనివర్సిటీ పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే సాగుతాయి. జపాన్‌లో ల్యాబ్‌ల సంఖ్య, వైవిధ్యం చాలా ఎక్కువ, కానీ భాషకు కష్టపడాలి. మీ టాపిక్‌లో మీరు చదివిన చివరి పది మంచి పేపర్లు ఏ దేశాల నుంచి వచ్చాయో రాసుకోండి. దేశం ఎంపికకు నాకు తెలిసిన మంచి పద్ధతి అదే.

నాది మూడేళ్ల బీఎస్సీ. జపాన్‌లో మాస్టర్స్‌కి అప్లై చేయొచ్చా?

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జపాన్‌లో మాస్టర్స్‌లో చేరాలంటే మామూలుగా 16 ఏళ్ల చదువు పూర్తయి ఉండాలి. ఇంటర్ వరకు 12, బీఎస్సీ 3, మొత్తం 15 అవుతుంది. ఒక్క ఏడాది తక్కువ. బీటెక్ వాళ్లకు, నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకు ఈ చిక్కు లేదు.

మూడేళ్ల డిగ్రీతో దారి పూర్తిగా మూసుకుపోదు. చాలా యూనివర్సిటీలు విడిగా అర్హత పరిశీలన చేస్తాయి. అప్లికేషన్ గడువుకు ముందే, కొన్నిచోట్ల నెలల ముందే, మార్కుల మెమోలు, సిలబస్ పంపించి అనుమతి తెచ్చుకోవాలి. ఆ గడువు దాటితే అసలు ఫారమ్ కూడా తీసుకోరు. కాబట్టి ప్రొఫెసర్‌తో పాటు అడ్మిషన్ ఆఫీసుకు కూడా మొదట్లోనే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఎమ్మెస్సీ అయిపోయింది. మళ్లీ మాస్టర్స్ చేయాలా, నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చా?

చేరొచ్చు. అక్కడ మాస్టర్స్ రెండేళ్లు, డాక్టరేట్ మూడేళ్లు. మన ఎమ్మెస్సీతో మూడేళ్ల డాక్టరేట్‌కు అర్హత వస్తుంది.

కానీ ఆ మూడేళ్లు చాలా చిన్నవి. మన దగ్గరిలా మొదట కోర్స్‌వర్క్, తర్వాత నెమ్మదిగా టాపిక్ అన్న పద్ధతి ఉండదు. తోటి జపాన్ విద్యార్థి అదే ల్యాబ్‌లో డిగ్రీ చివరి ఏడాది నుంచీ పనిచేస్తూ వచ్చి ఉంటాడు. ఏ పరికరం ఎక్కడుందో, ఏ వాల్వ్ తిప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు. మనం ఎమ్మెస్సీలో రికార్డు రాసి వైవా చెప్పిన అనుభవంతో వెళ్తాం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నిజంగా చేతులతో కొలతలు తీసినవాళ్లు, లేదా సొంతంగా కోడ్ రాసినవాళ్లు నేరుగా వెళ్లవచ్చు. అలాంటి అనుభవం లేకపోతే ఐదేళ్ల ప్రోగ్రామ్ చూసుకోమంటాను. ఒకినావాలోని ఓఐఎస్‌టీ, పరిశోధనా సంస్థల్లోనే చదువు చెప్పే సోకెండాయ్, ఈ రెండింటిలోనూ ఐదేళ్ల దారి ఉంది. రెండేళ్లు వృథా అని ఇంట్లోవాళ్లు అనవచ్చు. కానీ పునాది లేకుండా మూడేళ్ల గడియారం కింద పడే టెన్షన్ ఎలా ఉంటుందో నేను చూశాను.

జపనీస్ రాకుండా నెట్టుకురాగలనా?

థీసిస్, పేపర్లు, గైడ్‌తో మాటలు అన్నీ ఇంగ్లిష్‌లో సాగుతాయి. ఓఐఎస్‌టీలో అయితే అన్ని పనులూ ఇంగ్లిష్‌లోనే. మిగతాచోట్ల మున్సిపల్ ఆఫీసు, బ్యాంకు, ఆస్పత్రి, అద్దె ఇల్లు, ఇవన్నీ జపనీస్‌లో ఉంటాయి. ల్యాబ్ భద్రత నోటీసులు కూడా చాలాసార్లు జపనీస్‌లోనే ఉంటాయి, ద్రవ హీలియంతో పనిచేసేవాడికి అది చిన్న విషయం కాదు. వెళ్లేలోపు హిరగానా, కతకానా లిపులు రెండూ వచ్చేసి, ఎన్5 స్థాయి (జపనీస్ పరీక్షలో మొదటి మెట్టు) మాటలు వస్తే మొదటి ఆరు నెలలు ఊపిరి తీసుకోగలరు.

## యూనివర్సిటీ, ల్యాబ్ వెతికేటప్పుడు

టోక్యో, క్యోటో తప్ప పేర్లు తెలియవు. ఇంకేవి చూడాలి?

టాపిక్ పట్టుకుని వెతకండి. పదార్థాలు, అయస్కాంతత్వం అయితే సెందాయ్‌లోని తొహోకు యూనివర్సిటీ. అక్కడి పదార్థ పరిశోధన సంస్థకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఇంగ్లిష్‌లో చదివేందుకు సైన్స్ విభాగంలో ఐగ్‌పాస్ అనే ప్రోగ్రామ్ ఉంది. కణ భౌతికశాస్త్రానికి నగోయా. 2008 నోబెల్ పంచుకున్న కొబయాషి, మస్కావా ఇద్దరూ అక్కడ చదువుకున్నవాళ్లే. ఒసాకాలో ఇంగ్లిష్ మాధ్యమంలో ఇంటర్నేషనల్ ఫిజిక్స్ కోర్సు ఉంది. థియరీకి క్యోటోలో భౌతికశాస్త్రవేత్త యుకావా పేరుతో ఉన్న సంస్థ ఉండనే ఉంది.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. పాత పేపర్లలో టోక్యో టెక్ అని కనిపించేది 2024 అక్టోబర్‌లో మరో యూనివర్సిటీతో కలిసి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ టోక్యో అయింది. పాత పేరుతో వెతికితే పాత పేజీలే వస్తాయి.

టోక్యో యూనివర్సిటీలో సీటు అంటే టోక్యో నగరంలోనే ఉంటారని కూడా అనుకోవద్దు. ఆ యూనివర్సిటీ ఘనస్థితి భౌతికశాస్త్ర సంస్థ నగరం బయట కషివాలో ఉంది. అక్కడ 2018లో 1,200 టెస్లాల అయస్కాంత క్షేత్రం సృష్టించారు. న్యూట్రినో బృందంలో చేరితే కొండల మధ్య కామియోకాలో చలికాలం గడపాల్సి రావచ్చు. గైడ్ ఏ క్యాంపస్‌లో కూర్చుంటారో ముందే చూసుకోండి.

ర్యాంకింగ్ చూసి ఎంచుకోవాలా, ప్రొఫెసర్‌ను చూసి ఎంచుకోవాలా?

ప్రొఫెసర్‌ను చూసి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. జపాన్‌లో మీరు చేరేది పేరుకు యూనివర్సిటీలో గానీ, బతికేది ఒక ల్యాబ్‌లో. మీ డెస్క్, మీ కొలతలు, మీ వారం వారం సెమినార్, మీ సిఫారసు లేఖ అన్నీ ఆ పదిమంది మనుషుల మధ్యే ఉంటాయి.

నా అనుభవం చెప్తాను. నేను పేపర్లు చూసి మంచి గైడ్‌ను ఎంచుకున్నాను. ఆయన నిజంగా మంచివారే. కానీ ఆయన వయసు ఎంతో నేను చూడలేదు, నాకెవరూ చెప్పలేదు. నా రెండో ఏడాది మార్చిలో ఆయన రిటైర్ అయ్యారు. స్ఫటికాలు పెంచే ఫర్నేసులు వేరే ల్యాబ్‌కు వెళ్లిపోయాయి. నేను టాపిక్ సగం మార్చుకుని, స్టైపెండ్ లేకుండా ఇంకో ఏడాది అదనంగా చదవాల్సి వచ్చింది. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్నాను. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ ఏడాది నాకు మిగిలేది.

అందుకే ఇవి తప్పకుండా చూడండి. జాతీయ యూనివర్సిటీల్లో రిటైర్మెంట్ వయసు చాలాచోట్ల 65. ప్రొఫెసర్ డిగ్రీ తీసుకున్న ఏడాదిని బట్టి వయసు అంచనా వేయండి, మీ కోర్సు పూర్తయ్యేదాకా ఆయన ఉంటారా లెక్కేయండి. అనుమానం ఉంటే మర్యాదగా అడగండి, తప్పుగా అనుకోరు. తర్వాత నిధులు. కాకెన్ అనే ప్రభుత్వ పరిశోధన గ్రాంట్ల పబ్లిక్ డేటాబేస్‌లో ప్రొఫెసర్ పేరు కొడితే ఏ గ్రాంటు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో కనిపిస్తుంది. ఇంగ్లిష్ పేజీ కూడా ఉంది. మూడోది, విద్యార్థుల థీసిస్‌లు. 2013 నుంచి జపాన్‌లో డాక్టరేట్ థీసిస్‌లను ఇంటర్నెట్‌లో పెట్టడం నియమం. ఆ ల్యాబ్ నుంచి గత పదేళ్లలో ఎన్ని వచ్చాయి, వాళ్లకు ఎన్నేళ్లు పట్టింది, పేపర్లలో మొదటి పేరు విద్యార్థిదా కాదా, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి.

ల్యాబ్ వాతావరణం ఎలా ఉంటుందో ఇక్కడి నుంచి ఎలా తెలుస్తుంది?

ల్యాబ్ పేజీలో సభ్యుల జాబితా ఉంటుంది. విదేశీ విద్యార్థి ఒక్కరైనా ఉంటే రాయండి. లేకపోతే ఈమధ్యే పూర్తిచేసి వెళ్లినవాళ్లకు రాయండి. "సార్ మంచివారేనా?" అని అడిగితే "అవును" అనే వస్తుంది. గైడ్‌ను వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, సెమినార్ ఏ భాషలో నడుస్తుంది, కొలతల కోసం పరికరం టైమ్ ఎన్ని రోజులకు దొరుకుతుంది, శనివారాలు రావాలా, మధ్యలో మానేసినవాళ్లున్నారా అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు రాకపోయినా, వాళ్లు మాట మార్చే తీరులో ఎంతో కొంత తెలుస్తుంది.

వీలైతే వీడియో కాల్‌లో మాట్లాడండి. మెయిల్‌లో రాయలేనివి మనుషులు మాటల్లో చెప్తారు.

## ప్రొఫెసర్‌కు రాసేటప్పుడు

ఇరవైమందికి మెయిల్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు. ఏం తప్పు చేశాను?

బహుశా ఇరవైమందికీ ఒకే మెయిల్ పెట్టి ఉంటారు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై, "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో" అని సాగే మెయిల్ వాళ్లకు రోజూ వస్తుంది.

సబ్జెక్ట్ లైన్‌లో ఏ కోర్సు, ఏ నెలలో చేరాలనుకుంటున్నారు రాయండి. ఆయన ఇంటిపేరుతో సంబోధించండి. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరో, ఎమ్మెస్సీలో మీ చేతులతో చేసిన పనేమిటో చెప్పండి. తర్వాత ఆయన ఇటీవలి పేపర్లలో ఒకదాన్ని నిజంగా చదివి, మీకు అర్థంకాని ఒక చోటు గురించి అడగండి. పొగడ్త వద్దు, ప్రశ్న చాలు. స్కాలర్‌షిప్‌కు దేనికి అప్లై చేస్తున్నారో ఒక్క వాక్యం రాయండి. సీవీ, మార్కుల మెమోలు ఒకే పీడీఎఫ్‌గా జతచేయండి. మొత్తం ఒక స్క్రీన్‌లో చదివేలా ఉండాలి. బ్యాక్‌లాగ్ ఉంటే దాచకండి, మెమోలో ఎలాగూ కనిపిస్తుంది.

రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో రాయకండి. వాళ్లకు అది విద్యా సంవత్సరం మారే హడావుడి.

ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి రాయొచ్చా?

ఒకేసారి వద్దు. వాళ్లు మాట్లాడుకుంటారు, మీకు ఎవరి పని మీదా నిజమైన ఆసక్తి లేదనుకుంటారు. మొదటివారు కాదన్నాక రెండోవారికి రాయండి. వేర్వేరు యూనివర్సిటీలకైతే అభ్యంతరం లేదు.

ప్రొఫెసర్ సరే అన్నారు. సీటు వచ్చినట్టేనా?

కాదు. ఆయన మిమ్మల్ని తీసుకోవడానికి సిద్ధమని మాత్రమే. పరీక్ష లేదా ఎంపిక కమిటీ దాటాలి. ఆ మాట నమ్మి ఉద్యోగం మానేసినవాళ్లు నాకు తెలుసు. అడ్మిషన్ లెటర్ చేతికి వచ్చేదాకా ఏదీ వదులుకోకండి.

## అప్లికేషన్, డబ్బు

ఎంట్రన్స్ కష్టంగా ఉంటుందా?

మాస్టర్స్ సాధారణ దారిలో అక్కడి వేసవి చివర, చాలాచోట్ల ఆగస్టులో, మ్యాథ్స్, ఫిజిక్స్ రాతపరీక్ష ఉంటుంది. మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం, క్వాంటమ్, స్టాటిస్టికల్ ఫిజిక్స్ ప్రధానం. పాత ప్రశ్నపత్రాలు చాలా డిపార్ట్‌మెంట్లు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. నెట్, జామ్‌కు చదివినవాళ్లకు సిలబస్ కొత్తగా ఉండదు. కానీ అక్కడ ఆప్షన్లు ఉండవు, మొత్తం రాయాలి, అలవాటు తప్పితే చేయి తిరగదు. ఇంగ్లిష్ ప్రోగ్రామ్‌లలో చాలావరకు డాక్యుమెంట్లు, ఇంటర్వ్యూతోనే తీసుకుంటారు. నేరుగా డాక్టరేట్ అయితే మీ మాస్టర్స్ పని మీద ప్రెజెంటేషన్, దాని మీద ప్రశ్నలు.

మెక్స్ట్ స్కాలర్‌షిప్‌లో ఎంబసీ దారి, యూనివర్సిటీ దారి అంటున్నారు. తేడా ఏంటి?

మెక్స్ట్ అంటే జపాన్ విద్యాశాఖ. రెండు దారుల్లోనూ ఇచ్చేది జపాన్ ప్రభుత్వ డబ్బే. ఎంబసీ దారిలో వేసవిలో అప్లికేషన్, రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఇండియాలోనే జరుగుతాయి. నెగ్గినవాళ్లు ఆ తర్వాత యూనివర్సిటీల నుంచి అంగీకార పత్రం తెచ్చుకోవాలి. కాబట్టి ప్రొఫెసర్‌తో పరిచయం అంతకుముందే మొదలవ్వాలి. యూనివర్సిటీ దారిలో ప్రొఫెసర్, డిపార్ట్‌మెంట్ మిమ్మల్ని సిఫారసు చేస్తారు. సీట్లు కొద్ది, గడువు ఒక్కోచోట ఒక్కోలా.

ఫీజు ఉండదు, విమాన టికెట్ ఇస్తారు, డాక్టరేట్‌లో నెలకు 1,45,000 యెన్‌లు ఇస్తూ వచ్చారు. సెందాయ్‌లో దాంతో ఇబ్బంది లేకుండా బతకొచ్చు. టోక్యోలో లెక్క చూసుకుని ఖర్చుపెట్టాలి.

స్కాలర్‌షిప్ రాకపోతే సొంత డబ్బుతో వెళ్లొచ్చా?

జాతీయ యూనివర్సిటీల ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్‌లు. చేరేటప్పుడు ఒక్కసారి 2,82,000. ప్రామాణిక ఫీజు మీద 20 శాతం వరకు పెంచుకునే వీలు యూనివర్సిటీలకు ఉంది, కొన్ని పెంచాయి కూడా. సగం లేదా పూర్తి ఫీజు మాఫీకి సెమిస్టర్‌కోసారి అప్లై చేయొచ్చు. విద్యార్థి వీసా మీద అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు పనిచేయొచ్చు. కానీ ప్రయోగాలు చేసే పీహెచ్‌డీ విద్యార్థికి అన్ని గంటలు ఎక్కడ దొరుకుతాయి?

ఇంకో ముఖ్యమైన సంగతి. స్ప్రింగ్ అనే పథకం కింద చాలామంది విదేశీ డాక్టరేట్ విద్యార్థులకు భృతి వచ్చేది. 2027 నుంచి జీవన ఖర్చుల భాగాన్ని జపాన్ పౌరులకే పరిమితం చేయాలని 2025లో నిర్ణయించారు. పాత సీనియర్లు "చేరాక ఏదో ఒకటి వస్తుందిలే" అంటే, అది వాళ్ల రోజుల మాట. పొలం తాకట్టు పెట్టి పీహెచ్‌డీకి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ఇంకో ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నించండి.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్లమంటారా?

వద్దు. పీహెచ్‌డీ సీటు ప్రొఫెసర్‌కూ మీకూ మధ్య జరిగే మాటల మీద నడుస్తుంది. మధ్యలో ఇంకొకరు రాసిన మెయిల్‌ను వాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

## ఆఫర్ వచ్చాక

ముందు రీసెర్చ్ స్టూడెంట్‌గా రమ్మంటున్నారు. అది డిగ్రీయేనా?

కాదు. డిగ్రీలో చేరకముందు ఆరు నెలలో ఏడాదో ల్యాబ్‌లో ఉండి, ఎంట్రన్స్‌కు సిద్ధమయ్యే హోదా. మెక్స్ట్‌తో వెళ్తే ఆ కాలానికి కూడా స్టైపెండ్ వస్తుంది, భాష నేర్చుకోవడానికి మంచి సమయం. సొంత ఖర్చుతో అయితే మాత్రం జాగ్రత్త. పరీక్ష తప్పితే చేతిలో ఏ సర్టిఫికెట్టూ ఉండదు.

రెండు చోట్ల వచ్చింది. పేరున్న చోట గైడ్ బిజీ, చిన్న చోట గైడ్ శ్రద్ధగా మాట్లాడుతున్నారు. ఏది?

ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "మొదటి ఆరు నెలల్లో నేను ఏ కొలత, ఏ లెక్క చేస్తాను?" స్పష్టంగా చెప్పగలిగినవారి దగ్గరికి వెళ్లండి. పెద్ద బృందాల్లో రోజువారీగా నేర్పేది అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌ది చాలాసార్లు గడువున్న ఉద్యోగం. ఆయన ఎన్నాళ్లుంటారో కూడా కనుక్కోండి.

## వెళ్లాక, తిరిగొచ్చాక

శాకాహారిని. తిండికి ఇబ్బందా?

బయట తినడం కష్టం. కూరగాయల సూప్‌లా కనిపించేదానిలో కూడా చేప నుంచి తీసిన దాషి అనే రసం ఉంటుంది. వండుకోవడం నేర్చుకుని వెళ్లండి. కందిపప్పు, సోనా మసూరి, చింతపండు ఇండియన్ షాపుల నుంచి పార్శిల్‌లో తెప్పించుకోవచ్చు. టోక్యోలో నిషి కసాయ్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు. అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి ఒక సీసా వెంట ఉంటే మొదటి నెల గడిచిపోతుంది.

జపాన్ పీహెచ్‌డీతో ఇండియాలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అవ్వొచ్చా?

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, క్యూఎస్, టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్, షాంఘై ర్యాంకింగ్‌లలో ఎప్పుడైనా మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ పీహెచ్‌డీకి నెట్ అవసరం లేదు. మీరు చేరే యూనివర్సిటీ ఆ జాబితాలో ఉన్న ఏడాది పేజీని ఇప్పుడే దాచిపెట్టుకోండి. సోకెండాయ్, ఓఐఎస్‌టీ లాంటి చిన్న సంస్థలు పనిలో గొప్పవైనా ఈ లెక్కలో ఎలా వస్తాయో చేరకముందే చూసుకోవాలి. ఐఐటీ, ఐఐఎస్‌ఈఆర్‌ల వైపు చూస్తే పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ అనుభవం మూడేళ్లయినా అడుగుతారు.

తిరిగొచ్చేవారు జపాన్ గైడ్‌తో సంబంధం తెంచుకోవద్దు. మన దగ్గర కొత్తగా చేరినచోట పరికరాలు రావడానికే ఏళ్లు పడుతుంది. నేను తిరిగొచ్చాక నా మొదటి ఇద్దరు విద్యార్థుల శాంపిల్స్‌ను నా పాత ల్యాబ్‌వాళ్లే కొలిచి పంపారు.